తీరం దగ్గర పడవ తీసే ముందు గాలిని, సముద్రాన్ని ఎలా చదవాలి

ఒడ్డు కళ్ల ముందే కనిపిస్తూ ఉంటే భయం తగ్గుతుంది. కానీ చిన్న పడవను ఇబ్బంది పెట్టేవి చాలావరకు ఒడ్డు దగ్గరే ఉంటాయి. లోతు తగ్గిన చోట నిలువుగా లేచే అలలు, రేవు ముఖద్వారంలో గాలికి ఎదురొచ్చే ప్రవాహం, కొండ చాటు దాటగానే విరుచుకుపడే గాలి, పడవను రాళ్ల వైపు నెట్టే కెరటాలు, ఇవేవీ నడి సముద్రంలో ఉండవు.

చిన్న మోటారు బోటు, తెరచాప పడవ, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) లాంటివాటిలో తీరానికి కొన్ని మైళ్ల లోపల తిరిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మీరు తిరిగొచ్చే గంటకు, తిరిగొచ్చే దారిలో, గాలీ నీళ్లూ ఎలా ఉంటాయి? బయల్దేరేటప్పుడు ఎలా ఉందో అందరూ చూస్తారు, దానికి తల ఎత్తి చూస్తే చాలు. తిరుగు ప్రయాణం సంగతి మాత్రం కూర్చుని లెక్క వేసుకోవాలి.

1. ముందు మీ హద్దు కాగితం మీద పెట్టండి

వాతావరణ సూచన తెరవకముందే చేయాల్సిన పని ఇది. సూచన చూశాక హద్దు పెట్టుకుంటే, ఆ రోజు వెళ్లాలన్న కోరిక ఆ హద్దును కొంచెం కొంచెంగా పైకి జరుపుతుంది. మీ పడవకు, మీ అనుభవానికి, పడవలో ఎక్కేవాళ్లకు తగ్గట్టు ఎంత గాలి దాకా వెళ్తారు, ఎంత అల దాకా వెళ్తారు అన్నది ముందే రాసి పెట్టుకోండి. పడవ తట్టుకోవడం వేరు, అందులో కూర్చున్న పిల్లలు తట్టుకోవడం వేరు. హద్దు రాసేటప్పుడు పడవలో అందరికంటే బలహీనమైన మనిషిని దృష్టిలో పెట్టుకోండి.

దీనికి బ్యూఫోర్ట్ స్కేలు బాగా పనికొస్తుంది. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805 ప్రాంతంలో తన డైరీ కోసం తయారు చేసుకున్న కొలత ఇది. పరికరం లేకుండా కంటికి కనిపించేదాన్ని బట్టి గాలిని అంచనా వేయవచ్చు, అందుకే రెండు వందల ఏళ్ల తర్వాత కూడా వాడుకలో ఉంది. చిన్న పడవవాళ్లకు ముఖ్యమైనవి నాలుగు మెట్లు. మూడో మెట్టులో గాలి 7 నుంచి 10 నాట్లు (నాటు అంటే సముద్రం మీద వేగానికి వాడే కొలత). అలల తలలు అక్కడక్కడా తెల్లబడటం మొదలవుతుంది. నాలుగు, అంటే 11 నుంచి 16 నాట్లు. తెల్ల నురగ తలలు తరచుగా కనిపిస్తాయి. విశాల సముద్రంలో అల ఒక మీటరు దాకా ఉంటుంది. ఐదో మెట్టులో 17 నుంచి 21 నాట్లు. ఎటు చూసినా తెల్ల తలలే, అల దాదాపు రెండు మీటర్లు. ఆరు, 22 నుంచి 27 నాట్లు. పెద్ద అలలు, గాలికి ఎగిరే తుంపర.

పైన కప్పు లేని చిన్న పడవకు, కొత్తవాళ్లకు మూడో మెట్టు దాటితే ఆ రోజు వద్దనుకోవడం మేలని నా అభిప్రాయం. అనుభవం ఉన్నవాళ్లు నాలుగులో తిరగవచ్చు. ఐదు అని సూచన చెబుతుంటే చిన్న పడవను కట్టేసే ఉంచండి. 15కీ 20కీ తేడా అయిదే కదా అనిపిస్తుంది. కానీ గాలి నెట్టే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 10 నాట్ల గాలి 20 అయితే నెట్టుడు రెండింతలు కాదు, నాలుగింతలు.

2. సూచనను ముక్కలు చేసి చదవండి

ఊరి వాతావరణం చెప్పే యాప్ ఇక్కడ సరిపోదు. నేల మీద చెట్లు, ఇళ్లు గాలిని ఆపుతాయి. నీటి మీద అడ్డు లేదు కాబట్టి అదే గాలి ఇంకా గట్టిగా వీస్తుంది. మీ దేశపు వాతావరణ శాఖ తీర జలాలకు విడిగా ఇచ్చే సూచనను ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ఉదయం మరోసారి చూడండి. రెండింటి మధ్య మారింది ఏమిటన్నది చాలా విలువైన సమాచారం. రాత్రి 12 నాట్లు అన్న సూచన పొద్దున 16 అయిందంటే, మధ్యాహ్నానికి ఇంకా పెరిగే అవకాశం ఉందని అనుకోండి.

చదివేటప్పుడు మొదట చూడాల్సింది సమయం. సూచన ఎప్పుడు విడుదలైంది, ఎన్ని గంటలకు వర్తిస్తుంది, ఆ గంటలు స్థానిక సమయమా లేక యూటీసీనా (ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే సమయం)? సముద్ర సూచనల్లో కొన్ని యూటీసీలో ఉంటాయి. అది గమనించకపోతే సాయంత్రం వచ్చే గాలిని పొద్దునే వచ్చి పోయిందని లెక్కవేసే ప్రమాదం ఉంది. తర్వాత కొలత. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కొన్ని సైట్లు గాలిని సెకనుకు మీటర్లలో చూపిస్తాయి. అందులో 10 అని కనిపిస్తే చిన్న సంఖ్యే అనిపిస్తుంది, కానీ అది 19 నాట్ల పైమాటే. సెకనుకు మీటర్లను రెండింతలు చేస్తే దాదాపు నాట్లు వస్తాయి.

గాలి వేగం అని ఇచ్చేది సగటు. సాధారణంగా పది మీటర్ల ఎత్తులో కొన్ని నిమిషాల సగటు తీసుకుంటారు. మధ్యమధ్య వచ్చే విసురు ఆ సగటు కంటే 30, 40 శాతం ఎక్కువ ఉండటం మామూలే. ఉరుముల మబ్బుల కింద అంతకు మించి కూడా ఉంటుంది. పడవను ఒరిగించేది ఆ విసురే కాబట్టి మీ హద్దును విసురు అంకెతో పోల్చండి.

అల ఎత్తు విషయంలోనూ ఇదే తంటా. సూచనలో ఇచ్చేది అన్నింటికంటే పెద్ద అల ఎత్తు కాదు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. ఒక మీటరు అని రాసి ఉన్న రోజున, కొన్ని గంటలు నీటి మీద ఉంటే దాదాపు రెండు మీటర్ల అల ఒకటి ఎదురయ్యే అవకాశం ఉంది.

చాలామంది వదిలేసేది అలకూ అలకూ మధ్య వ్యవధి. నా లెక్కలో ఎత్తు కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. ఒక మీటరు అల నాలుగు సెకన్లకొకటి వస్తుంటే అది నిటారు అల. పడవ ముక్కు ఒకదాని మీంచి దిగకముందే రెండోది వచ్చి కొడుతుంది. అదే ఒక మీటరు అల పది, పన్నెండు సెకన్లకొకటి వస్తుంటే బయట పడవ నెమ్మదిగా పైకి లేచి కిందికి దిగుతుంది, అంతే. కానీ ఆ పొడుగు కెరటమే ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎత్తు పెరిగి బలంగా విరుగుతుంది. ఇది ఎక్కడో వందల, వేల కిలోమీటర్ల దూరంలో వీచిన గాలి పుట్టించిన అల. అందుకే ఇక్కడ ఆకు కదలని రోజున కూడా రేవు ముఖద్వారంలో పెద్ద అలలు విరుగుతూ ఉండొచ్చు. పొడుగు వ్యవధి కనిపించిందంటే బయటి సముద్రం గురించి కాదు, తిరిగొచ్చే ద్వారం గురించి ఆలోచించండి.

రెండు మూడు సూచనలు వేర్వేరుగా చెబుతుంటే మనకు నచ్చినదాన్ని నమ్మాలనిపిస్తుంది. వాటిలో చెడ్డదాన్నే తీసుకోండి. అవి కలవకపోవడమే ఆ రోజు వాతావరణం నిలకడగా లేదని చెబుతోంది.

3. గాలి దిక్కును మ్యాపు మీద గీసి చూడండి

తీరపు మ్యాపు మీద ఒక బాణం గీయండి. సూచనలో గాలికి అది వచ్చే దిక్కు పేరు పెడతారు, నీటి ప్రవాహానికి అది పోయే దిక్కు పేరు పెడతారు. ఉత్తర గాలి ఉత్తరం నుంచి వస్తుంది, ఉత్తర ప్రవాహం ఉత్తరానికి పోతుంది. రెండూ ఒకే వైపు అనుకుంటే పొరపాటు, అవి ఎదురెదురు.

బాణం ఒడ్డు నుంచి సముద్రం వైపు పోతుంటే జాగ్రత్త. కొత్తవాళ్లను ఎక్కువగా మోసం చేసేది ఈ గాలే. ఒడ్డున నిలబడితే నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎందుకంటే అల లేవడానికి గాలికి నీటి మీద దూరం కావాలి. ఒడ్డు పక్కన ఆ దూరం ఉండదు. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి నెడుతుంది కాబట్టి ప్రయాణం హాయిగా సాగుతుంది. ఒక మైలు బయటికి వెళ్లి వెనక్కి తిప్పితే గాలి ముఖాన, అలలు ఎదురుగా. ఇంజిన్ ఆగినా, చేతులు అలసిపోయినా పడవ నడి సముద్రం వైపే కొట్టుకుపోతుంది. కయాక్‌లో, పాడిల్ బోర్డు మీద, గాలి నింపిన పడవలో అయితే ఈ గాలి 10 నాట్లున్నా వెళ్లకండి.

బాణం సముద్రం నుంచి ఒడ్డు వైపు వస్తుంటే బాధ వేరే రకం. అలలు పెద్దవిగా కనిపిస్తాయి కాబట్టి మోసం లేదు, కానీ ఇంజిన్ ఆగిన మరుక్షణం పడవ రాళ్ల మీదికి పోవడం మొదలుపెడుతుంది. పెద్ద ఓడలకు కూడా ఇది తప్పలేదు. 1859 అక్టోబరులో మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్ వస్తున్న రాయల్ చార్టర్ అనే ఓడ, ప్రయాణం దాదాపు పూర్తయ్యాక, వేల్స్ తీరంలోని యాంగల్సీ ద్వీపం దగ్గర తుఫానులో చిక్కుకుంది. గాలి ఒడ్డు వైపు తిరిగింది, లంగరు గొలుసులు తెగాయి, ఓడ రాళ్లకు కొట్టుకుని 400 మందికి పైగా చనిపోయారు. ఒడ్డు కొన్ని గజాల దూరంలోనే ఉంది. ఆ తర్వాతే అక్కడి వాతావరణ విభాగం అధిపతి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ 1861లో బ్రిటన్‌లో రేవులకు తుఫాను హెచ్చరికలు పంపే పద్ధతి మొదలుపెట్టాడు. ఇప్పుడు మీరు ఫోన్‌లో చూసే హెచ్చరికకు మొదలు అక్కడుంది. గాలి ఒడ్డు వైపు వీస్తున్న రోజున తీరానికి దూరంగా నడపండి. ఇంజిన్ ఆగితే లంగరు వేసి, లోపం వెతికి, సరిచేసుకునే సమయం ఆ దూరమే ఇస్తుంది.

ఇక తీరం ఆకారం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొన దగ్గర గాలి నొక్కుకుపోయి వేగం పెంచుకుంటుంది. చాలా చోట్ల ప్రవాహం కూడా అక్కడే వేగంగా ఉంటుంది. కొన దాకా ప్రశాంతంగా వచ్చిన పడవకు దాన్ని దాటగానే వేరే సముద్రం ఎదురవుతుంది. కొండల మధ్య లోయ సముద్రంలోకి తెరుచుకునే చోట చల్లటి గాలి పైనుంచి జారి ఒక్కసారిగా పడొచ్చు. ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరంలో వీచే బోరా అనే గాలి అలాంటిదే. ఎత్తైన కొండ కింద చాటు ఉంటుందని దగ్గరికి వెళ్తే, అక్కడ గాలి సుళ్లు తిరుగుతూ ఏ దిక్కు నుంచైనా కొట్టొచ్చు. సూచన ఇచ్చే కంప్యూటర్ మోడల్ కొన్ని కిలోమీటర్ల గళ్లలో లెక్క వేస్తుంది, ఇంత చిన్న ఒంపులు దానికి కనిపించవు. మ్యాపు చూసి అవి మీరే కలుపుకోవాలి.

4. ఆటుపోట్ల పట్టికను గాలి పక్కన పెట్టండి

గాలి సూచనను విడిగా, ఆటుపోట్ల సమయాలను విడిగా చూస్తే అసలు సంగతి తెలియదు. గాలి, ప్రవాహం ఒకే వైపు పోతుంటే నీళ్లు చదునుగా ఉంటాయి. ప్రవాహం తిరిగి గాలికి ఎదురు పోవడం మొదలుపెడితే అలలు దగ్గర దగ్గరగా నొక్కుకుని, ఎత్తు పెరిగి, నిటారుగా లేస్తాయి. గాలి ఒక్క నాటు కూడా పెరగకుండానే, అర గంటలో సముద్రం పూర్తిగా మారిపోతుంది.

ఇది అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది నది కలిసే చోట, రేవు ముఖద్వారంలో. ఆటు సమయంలో నీళ్లు బయటికి పరుగెడుతుంటాయి, సముద్రం నుంచి గాలి, అలలు లోపలికి వస్తుంటాయి, పైగా ముఖద్వారంలో ఇసుక మేట వల్ల లోతు తక్కువ. లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గేసరికి అల విరుగుతుంది. పోటు మీద రెండు మీటర్ల అలను మోసిన చోటే, ఆటు సమయంలో మీటరున్నర అల కూడా విరగొచ్చు.

అందుకని ఇలా చేయండి. ముఖద్వారం దాటాల్సిన సమయాలను, వెళ్లేదీ వచ్చేదీ, కాగితం మీద రాయండి. వాటి పక్కన ఆ రోజు పోటు, ఆటు సమయాలు రాయండి. తిరిగొచ్చే సమయం ఆటు మధ్య గంటల్లో పడుతుంటే, ప్రవాహం వేగంగా ఉండేది అప్పుడే కాబట్టి, ప్రయాణాన్ని ముందుకో వెనక్కో జరపండి. పోటు ముగిసే వేళ, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు లోపలికి రావడం మంచిది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్లు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగుతాయి, ప్రవాహమూ బలంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఈ లెక్క మరింత గట్టిగా పాటించాలి.

ఇంకో విషయం. విరిగే అల ముందు వైపు నుంచి తెల్లగా కనిపిస్తుంది, వెనక నుంచి నున్నటి వీపులా కనిపిస్తుంది. బయటి నుంచి రేవు వైపు చూసే మీకు కనిపించేది వెనక వైపే. ముఖద్వారం ప్రశాంతంగా ఉన్నట్టు అనిపించినా, బయటే ఆగి కొన్ని నిమిషాలు చూడండి. అలలు గుంపులుగా వస్తాయి, పెద్దవి కొన్ని పోయాక కాస్త తెరిపి ఇస్తాయి.

5. రోజులో గాలి ఎప్పుడు లేస్తుందో లెక్కలో పెట్టండి

ఎండ ఉన్న రోజున నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. నేల మీది వేడి గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పొద్దున పది, పదకొండు దాటాక మొదలై, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య బలంగా వీచి, సూర్యాస్తమయానికి తగ్గిపోవడం దీని మామూలు వరస. చాలా తీరాల్లో ఇది 10 నుంచి 15 నాట్లు ఉంటుంది. కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. ఆస్ట్రేలియాలో పెర్త్ తీరానికి వేసవి మధ్యాహ్నాల్లో వచ్చే సముద్ర గాలి ఎంత క్రమం తప్పకుండా వస్తుందంటే, దానికి ఫ్రీమాంటిల్ డాక్టర్ అని పేరే పెట్టారు.

దీనికి అప్పటికే వీస్తున్న గాలిని కలిపి చూడాలి. పొద్దున సముద్రం నుంచే 8 నాట్లు వీస్తుంటే మధ్యాహ్నానికి సముద్ర గాలి దానికి తోడై 18 కావచ్చు. పొద్దున ఒడ్డు నుంచి సన్నటి గాలి వీస్తుంటే, మధ్యలో ఆగిపోయి, గంట నిశ్శబ్దం తర్వాత ఎదురు దిక్కు నుంచి లేవొచ్చు. ఆ నిశ్శబ్దాన్ని చూసి ఇంకా బయటికి వెళ్లాలనిపిస్తుంది. ఒడ్డు మీద వరసగా తెల్లటి చిన్న మబ్బులు లేస్తూ, సముద్రం పైన ఆకాశం ఖాళీగా ఉంటే సముద్ర గాలి మొదలవుతోందని అర్థం. చిన్న పడవవాళ్లు తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నం లోపల ఒడ్డుకు చేరుకోవడం మంచి అలవాటు.

6. రేవు దగ్గర పావుగంట ఊరికే నిలబడి చూడండి

హడావిడిగా సామాను ఎక్కించి వెళ్లిపోకండి. సూచన ఏం చెప్పిందో, కళ్ల ముందు ఏముందో పోల్చండి. 10 నాట్లు అన్న గంటలో ఎటు చూసినా తెల్ల తలలుంటే సూచన తప్పిందని అర్థం, మీ కళ్లనే నమ్మండి. దూరాన సముద్రం ఆకాశం కలిసే గీత నున్నగా కాకుండా ఎగుడుదిగుడుగా ఉంటే బయట పెద్ద అలలున్నాయి.

గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉంటే, ఈ రోజుల్లో చాలా ఫోన్లలో, చేతి గడియారాల్లో కూడా ఉంటోంది, కేవలం అంకె కాదు, అది ఎటు పోతోందో చూడండి. సమశీతోష్ణ ప్రాంతాల్లో మూడు గంటల్లో పీడనం మూడు నాలుగు హెక్టాపాస్కల్స్ (పీడనానికి కొలత) పడిపోతే గట్టి గాలి దారిలో ఉంది. ఉష్ణమండలంలో లెక్క వేరు. అక్కడ పీడనం రోజుకు రెండుసార్లు తనంతట తానే పెరిగి తగ్గుతుంది. పది గంటల ప్రాంతంలో ఎక్కువ, నాలుగు గంటల ప్రాంతంలో తక్కువ, పగలూ రాత్రీ రెండు పూటలా. ఆ మామూలు లయ కంటే 3 హెక్టాపాస్కల్స్ తగ్గితే అనుమానించాలి, 5 తగ్గితే తుఫాను దగ్గరలో ఉందనుకోవాలి. అల్పపీడనం ఎటు ఉందో తెలియడానికి 1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ చెప్పిన సూత్రం ఒకటుంది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ వైపు ఉంటుంది, దక్షిణార్ధగోళంలో కుడి వైపు. సముద్ర గాలి వీచే వేళ మాత్రం ఇది పనిచేయదు, అది స్థానిక గాలి కాబట్టి.

ఉరుముల మబ్బుల విషయంలో ఏ మాత్రం మొహమాటం వద్దు. కాలీఫ్లవర్‌లా పైకి పైకి పెరుగుతూ, పై భాగం పలకలా పరుచుకుంటున్న మబ్బు కనిపిస్తే అది ఎటు కదులుతోందో చూడండి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉంటే పది కిలోమీటర్ల లోపలే ఉంది, పిడుగు అంత దూరం నుంచి కూడా పడగలదు. ఈ మబ్బు కంటే ముందే దాని గాలి వస్తుంది. ఉక్కపోతగా, స్తబ్ధంగా ఉన్న చోట అకస్మాత్తుగా చల్లటి గాలి తగిలిందంటే, నిమిషాల్లోనే 30, 40 నాట్ల విసురు రావొచ్చు. అది చూసి బయల్దేరడం మానేయండి. అప్పటికే నీటి మీద ఉంటే తెరచాప దించి, లైఫ్ జాకెట్లు వేసి, అందరినీ కింద కూర్చోబెట్టండి. గాలాలు, పొడుగు యాంటెన్నా వంచేసి, ఎవరూ లోహాన్ని, నీటిని ముట్టుకోకుండా చూడండి.

పొగమంచు గురించి ఒక్క మాట. వెచ్చటి తేమ గాలి చల్లటి నీటి మీదికి వచ్చినప్పుడు కమ్మే సముద్రపు మంచు, నేల మీది మంచులా ఎండెక్కితే పోదు, గాలి వీస్తున్నా నిలిచి ఉంటుంది. కమ్మడం మొదలైందని తెలియగానే మీరున్న చోటును మ్యాపు మీద గుర్తు పెట్టి, వేగం తగ్గించి, ఓడలు తిరిగే దారి నుంచి తప్పుకుని లోతు తక్కువ ఉన్న వైపు రండి. అంతర్జాతీయ నౌకా నియమాల ప్రకారం 12 మీటర్ల లోపు పడవ కూడా రెండు నిమిషాలకు మించకుండా ఏదో ఒక గట్టి శబ్దం చేస్తూ ఉండాలి. కాబట్టి హారన్ లేదా ఈల పడవలో ఉండాలి.

7. తిరిగొచ్చే గంటను ఒడ్డున ఉన్న మనిషికి చెప్పండి

ఎటు వెళ్తున్నారు, పడవలో ఎంతమంది, ఎన్ని గంటలకు వస్తారు, ఏ గంట దాటితే తీర రక్షక దళానికి ఫోన్ చేయాలి, ఇవి ఒకరికి రాసి ఇవ్వండి. ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా. ఎదురుగాలిలో తిరుగు ప్రయాణానికి ఎంత ఎక్కువ తాగుతుందో ఇంజిన్ అప్పుడే చూపిస్తుంది. వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల్లో మాట్లాడుకునే రేడియో) ఉంటే, అత్యవసర పిలుపులకు వాడే 16వ ఛానెల్ వింటూ ఉండండి. మొబైల్ ఫోన్‌ను నీళ్లు చొరని సంచిలో పెట్టుకోండి, కానీ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకంతో మాత్రం వెళ్లకండి. లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోవాలి. అల కొట్టాక దాన్ని వెతికి, తొడిగి, పట్టీలు బిగించడం కుదరదు.

8. నీటి మీద ఉన్నప్పుడు చదవడం ఆపకండి

తెడ్డు, తెరచాప పడవలైతే వీలున్నంతవరకు ముందు గాలికి ఎదురుగా వెళ్లండి. ఓపిక ఉన్నప్పుడు కష్టం అయిపోతుంది, అలసిపోయాక గాలే ఇంటి వైపు నెడుతుంది.

గాలికి వెనకగా పోతున్నప్పుడు మాత్రం చర్మానికి తగిలే గాలిని నమ్మకండి. వెనక నుంచి 15 నాట్ల గాలి వీస్తుంటే, మీ పడవ 8 నాట్లతో పోతుంటే, మీకు తగిలేది 7 నాట్లే. ఎండ హాయిగా, గాలి సన్నగా అనిపిస్తుంది. పడవ తిప్పగానే అదే గాలి 23 నాట్లుగా ముఖాన్ని కొడుతుంది. అందుకే అర గంటకోసారి పడవను ఒకసారి గాలికి ఎదురు తిప్పి చూడండి. వెనక్కి తిరిగి చూస్తే అలల తలలు ఎంత తెల్లబడ్డాయో తెలుస్తుంది.

వెనక్కి తిరగాల్సిన గంటను ముందే అనుకుని, ఆ గంటకు తిరిగిపోండి. అనుకోని మార్పు ఒక్కటి కనిపించినా, అంటే గాలి దిక్కు మారినా, మిగతా పడవలు తిరిగి పోతున్నా, అల వ్యవధి పొడుగైనా, అనుకున్న గంట కోసం ఆగకండి.

9. గాలిలో చిక్కుకుంటే

వేగం తగ్గించండి. ఇంటికి త్వరగా చేరాలన్న టెన్షన్‌లో చాలామంది వేగం పెంచుతారు, అప్పుడే పడవ అల మీంచి ఎగిరి పడి పగులుతుంది, నీళ్లు నిండుతాయి. బరువులన్నీ కింద, మధ్యలో పెట్టండి. అలను నేరుగా కాకుండా, పక్కకీ కాకుండా, ముక్కు ఒక పక్క నుంచి 30, 40 డిగ్రీల కోణంలో ఎదుర్కోండి. పక్క నుంచి కొట్టే అలే పడవను బోల్తా కొట్టిస్తుంది. పడవలో చేరిన నీటిని ఎప్పటికప్పుడు తోడేయండి. లోపల అటూ ఇటూ ఊగే నీళ్లు పడవ నిలకడను బయటి అల కంటే త్వరగా తీసేస్తాయి.

అలలు వెనక నుంచి వస్తుంటే ముందున్న అల వీపు మీదే ఉండేలా ఇంజిన్‌ను సర్దండి. అలను దాటి ముందుకు జారితే ముక్కు నీళ్లలో గుచ్చుకుని పడవ అడ్డం తిరుగుతుంది. ముఖద్వారంలో అలలు విరుగుతుంటే లోపలికి రావడానికి ప్రయత్నించకండి. బయటే, లోతు నీళ్లలో, ముక్కును అలకు పెట్టి ప్రవాహం లోపలికి తిరిగేదాకా ఆగడం, లేదా వేరే రేవుకు పోవడం సురక్షితం. చీకటి పడుతోందని, ఇంట్లో ఎదురుచూస్తున్నారని ఈ నిర్ణయం మార్చుకోకండి.

ఇంజిన్ ఆగిపోతే, లోతు అందే చోటైతే వెంటనే లంగరు వేయండి. బాగుచేసే పని తర్వాత. ముక్కు వైపు నుంచే వేయాలి, వెనక నుంచి వేస్తే అలలు నేరుగా పడవలోకి వస్తాయి. తాడు లోతుకు కనీసం ఐదు నుంచి ఏడు రెట్లు వదలండి. లోతు అందకపోతే బకెట్‌నో, బలమైన సంచినో తాడుకు కట్టి ముక్కు నుంచి నీళ్లలో వేస్తే పడవ అలకు ఎదురుగా నిలబడుతుంది. ప్రాణాపాయం అనిపిస్తే 16వ ఛానెల్‌లో మేడే, అంత దూరం రాకపోయినా సాయం కావాలంటే పాన్ పాన్ అని మూడుసార్లు పిలిచి, ఉన్న చోటు ముందు చెప్పండి. పరిస్థితి చేయి దాటాక పిలవడం కంటే ముందే పిలవడం ఎప్పుడూ మేలు.

పడవ బోల్తా పడితే పడవను వదలకండి. ఒడ్డు దగ్గరే కదా అని ఈదడం మొదలుపెట్టొద్దు. నీళ్లు చల్లగా ఉంటే మొదటి నిమిషమంతా ఊపిరి అదుపులో ఉండదు, ఆ నిమిషం కదలకుండా తేలుతూ ఊపిరి నిలబెట్టుకోండి. ఆ తర్వాత చేతులు సరిగ్గా పనిచేసేది పది నిమిషాల వరకే, కాబట్టి పడవ మీదికి ఎక్కడం, ఈల వేయడం, రేడియోలో పిలవడం ఆ పది నిమిషాల్లో చేయండి. వెతికేవాళ్లకు తేలుతున్న తల కంటే తిరగబడ్డ పడవ ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది.

10. వచ్చాక నాలుగు గీతలు రాయండి

ముందు ఒడ్డున ఉన్న మనిషికి చేరామని చెప్పండి, లేకపోతే అనవసరంగా వెతుకులాట మొదలవుతుంది. తర్వాత ఒక నోటు పుస్తకంలో సూచన ఏం చెప్పింది, నిజంగా ఎంత వీచింది, ఎన్ని గంటలకు గాలి లేచింది, ముఖద్వారం ఆటుకు ఎలా ఉంది అని రాయండి. ఒక కాలమంతా ఇలా రాస్తే, మీరు తిరిగే చోట ఏ దిక్కు గాలికి సూచన తక్కువ చెబుతుందో, సముద్ర గాలి ఏ గంటకు వస్తుందో తెలిసిపోతుంది. ఆ అంకెలతో మొదట రాసుకున్న హద్దును సరిదిద్దండి.